ముల్లూ ఉండాలి, పువ్వూ పూయాలి

మొహమాటం మనలో చాలామందిని లోలోపల తినేస్తున్న జబ్బు. దూరపు బంధువు అప్పుకి హామీ సంతకం అడిగితే పెట్టేస్తాం. ఆదివారం పొద్దున్నే మేనేజర్ ఫోన్ చేస్తే ఎత్తేస్తాం. తెలిసినవాళ్ళు చేరమన్నారని అక్కర్లేని చిట్టీలో చేరతాం. పైకి నవ్వుతాం, లోపల ఉడికిపోతాం. ఇలా కొన్నేళ్ళు గడిచాక ఒకరోజు ఉన్నట్టుండి తలుపులన్నీ మూసేస్తాం. ఫోన్లు ఎత్తం, శుభకార్యాలకి వెళ్ళం, సాయం అడగబోయినవాళ్ళ మాట మధ్యలోనే తుంచేస్తాం.

మొదటిది హద్దు లేని బతుకు. రెండోది గాలాడని బతుకు. రెండూ మనిషిని అలసిపోయేట్టు చేస్తాయి. ఈ రెంటికీ నడుమ ఒక మంచి దారి ఉంది. అది కళ్ళకి కట్టినట్టు కనపడేది ఇంగ్లండ్ పల్లెల్లో, పొలాల గట్ల మీద.

అక్కడ చాలాచోట్ల పొలానికీ పొలానికీ మధ్య పచ్చని కంచె ఉంటుంది. హాథార్న్, బ్లాక్‌థార్న్ వంటి ముళ్ళ చెట్లని వరసగా నాటి, కొమ్మలు ఒకదాంట్లో ఒకటి అల్లుకునేలా పెంచుతారు. జూన్ వచ్చిందంటే ఆ కంచె మీదుగా అడవి గులాబీ తీగలు పాకి, లేత గులాబీ రంగులో అయిదేసి రేకుల పూలు పూస్తాయి. ఆ కంచెని ఆవు దాటలేదు, గొర్రె దూరలేదు. పిట్ట మాత్రం హాయిగా గూడు కట్టుకుంటుంది. మనిషి గీసుకునే హద్దు కూడా అలాగే ఉండాలి. కాపాడాల్సినదాన్ని కాపాడాలి, బతకాల్సినవాటిని బతకనివ్వాలి.

ఆ కంచెని నాటి పెంచే పద్ధతిలో ప్రతి మెట్టూ మనకి పనికొచ్చేదే. బ్రిటన్లో ఇల్లూ పెరడూ ఉన్న తెలుగువాళ్ళు దీన్ని అక్షరాలా ఆచరించవచ్చు. మిగతావాళ్ళు మనసులో నాటుకోవచ్చు.

కంచె లోపల ఒక లోకం

డెవన్ ప్రాంతంలో ఒకే ఒక్క పాత కంచెని రాబర్ట్ వోల్టన్ అనే పర్యావరణ శాస్త్రవేత్త ఓపిగ్గా పరిశీలించాడు. వంద మీటర్లు కూడా లేని ఆ కంచెలో, దాని ఆసరాతో బతుకుతున్న 2,070 జాతుల జీవుల్ని ఆయన గుర్తించాడు. చెట్లు, నాచు, సాలీళ్ళు, ఈగలు, చిమ్మటలు, పక్షులు, ఎలుకలు అన్నీ కలిపి అన్నమాట. మనిషి తన సరిహద్దు కోసం నాటుకున్నది అన్ని ప్రాణాలకి ఇల్లయింది.

అందులో అడవి గులాబీ వంతు తక్కువేం కాదు. వేసవిలో దాని పుప్పొడి తేనెటీగలకీ తుమ్మెదలకీ తిండి. లీఫ్‌కటర్ అనే జాతి తేనెటీగలు దాని ఆకుల్ని గుండ్రంగా కత్తిరించి పట్టుకుపోయి పిల్లల గదులకి గోడలుగా వాడుకుంటాయి. కొమ్మల మీద అక్కడక్కడా ఎర్రని నాచు ఉండలాంటిది కనిపిస్తుంది. ఒక చిన్న కందిరీగ గుడ్లు పెడితే మొక్కే వాటి చుట్టూ పెంచిన బుడిపె అది. మొక్కకి దానివల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదు. ఆ బుడిపెలో కూడా మరికొన్ని చిన్న పురుగులు తలదాచుకుంటాయి. శరత్కాలంలో ఎర్రగా పండే కాయలు చలికాలం దాకా కొమ్మల్నే అంటిపెట్టుకుని ఉంటాయి. స్కాండినేవియా నుంచి ఎగిరొచ్చే ఫీల్డ్‌ఫేర్ పక్షులకీ, ఇంగ్లండ్ బ్లాక్‌బర్డ్‌లకీ మంచు రోజుల్లో అవే ఆహారం.

ఇంత ఇచ్చే మొక్కకి ఒళ్ళంతా ముళ్ళే. అవి కిందికి వంగిన కొక్కేల్లా ఉంటాయి. పక్క చెట్టుని పట్టుకుని పైకి ఎక్కడానికి కూడా ఆ ముళ్ళే సాయం. కాపలాకీ ఎదుగుదలకీ ఒకటే పనిముట్టు. హద్దులు పెట్టుకుంటే ఎదగలేమేమోనని భయపడేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1. మీ నేలకి తగిన మొక్కని ఎంచుకోండి

బ్రిటన్ నేల మీద పుట్టి పెరిగే అడవి గులాబీల్లో ముఖ్యమైనవి నాలుగు. డాగ్ రోజ్ దాదాపు ఏ మట్టిలోనైనా బతుకుతుంది, ఆసరా దొరికితే మూడు మీటర్ల ఎత్తు దాటుతుంది. ఫీల్డ్ రోజ్ తెల్లగా పూస్తుంది, నేలబారుగా పాకుతుంది, కాస్త నీడనైనా ఓర్చుకుంటుంది. స్వీట్ బ్రయర్ సున్నపు నేలల్ని ఇష్టపడుతుంది, వాన పడ్డాక దాని ఆకులు ఆపిల్ పండు వాసన వేస్తాయి. బర్నెట్ రోజ్ సముద్రపు ఇసుక దిబ్బల మీద పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది, దాని కాయలు నల్లగా ఉంటాయి. మీ మట్టి ఏమిటో, ఎండ ఎంతో చూసుకుని మొక్కని తెచ్చుకోవాలి. ఆ దేశంలోనే సేకరించిన విత్తనం నుంచి పెంచిన మొక్కయితే మరీ మంచిది.

త్వరగా పెరుగుతుందని పరాయి జాతిని తెస్తే ఏమవుతుందో చరిత్రలో చాలాసార్లు రుజువైంది. ఈశాన్య ఆసియా తీరాల నుంచి వచ్చిన రుగోసా గులాబీ బ్రిటన్ ఇసుక దిబ్బల్ని కమ్మేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాన్ని ఆరుబయట ప్రకృతిలో నాటడం ఇప్పుడు నేరం. అమెరికాలో 1930ల నుంచి భూసంరక్షణ శాఖే మల్టీఫ్లోరా గులాబీని పశువుల కంచెగా నాటమని రైతులకి పంచింది. తర్వాత అది మేత భూముల్ని మింగేస్తే అనేక రాష్ట్రాలు దాన్ని హానికరమైన కలుపుగా ప్రకటించాల్సి వచ్చింది. అమెరికాలో ఉంటున్న తెలుగువారు కంచె వేయాలనుకుంటే అక్కడి సొంత జాతి కరోలినా గులాబీ లాంటిది వెతుక్కోవాలి. మన దగ్గరా ఇదే కథ. వంటచెరకు కోసమని 1870ల్లో కడప ప్రాంతానికి తెచ్చి నాటిన సర్కారు తుమ్మ ఇవాళ మన చెరువుల్నీ బీళ్ళనీ ఆక్రమించి కూర్చుంది.

హద్దుల విషయంలోనూ అంతే. ఎవరో వీడియోలో చెప్పారని "నచ్చనివాళ్ళందర్నీ జీవితంలోంచి తీసేయండి" లాంటి మాటలు తెచ్చి మన ఇంట్లో నాటితే, అవి ముందు మన సొంత బంధాల్నే మింగేస్తాయి. మీ కుటుంబం, మీ ఉద్యోగం, మీ స్వభావం ఎలాంటివో మీకే తెలుసు. నలుగురితో ఉమ్మడిగా బతికే ఇంట్లో పనికొచ్చే హద్దు వేరు, ఊరుగాని ఊళ్ళో ఒక్కరే ఉండేవారికి కావలసిన హద్దు వేరు. ఒక కాగితం తీసుకుని మీకు దేనివల్ల అలసట వస్తోందో, దేనివల్ల బలం వస్తోందో రాయండి. అదే మీ మట్టి పరీక్ష.

2. రేకులు లెక్కపెట్టకండి, పుప్పొడి చూడండి

పూలకుండీల్లో కనిపించే నిండు గులాబీకి పదుల కొద్దీ రేకులుంటాయి. చూడటానికి రెండు కళ్ళూ చాలవు. కానీ అలాంటి పూలలో కేసరాలే రేకులుగా మారిపోతాయి. పుప్పొడి తగ్గిపోతుంది, ఉన్న కాస్త పుప్పొడికీ తేనెటీగకి దారి దొరకదు. అడవి గులాబీకి అయిదే రేకులు. నడిమధ్యన పసుపు పచ్చని కేసరాలు గుత్తిగా విచ్చుకుని ఉంటాయి. వచ్చిన ప్రతి తేనెటీగకీ అక్కడ ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇంకో విషయం. యూరప్‌లో తరతరాలుగా తోట గులాబీలకి అంటు కట్టింది డాగ్ రోజ్ వేరు మీదే. పైన మెరిసేది ఎవరైనా, నేలని పట్టుకుని నిలబెట్టింది ఈ మామూలు మొక్క.

మన దగ్గర కనిపించడానికి చేసే పనులెన్ని? ఎవరికైనా పనికొచ్చేవెన్ని? స్టేటస్‌లో పెట్టే ఫొటోకి పడ్డ శ్రమలో సగం, ఆసుపత్రిలో ఉన్న స్నేహితుణ్ణి చూడటానికి పెడితే చాలు. మీ సమయానికి హద్దు గీసేటప్పుడు ముందు కత్తిరించాల్సింది ఆడంబరాన్ని. మనుషుల్ని కాదు.

3. మొక్క నిద్రలో ఉన్నప్పుడే నాటండి

ఈ కంచె మొక్కల్ని కుండీ, మట్టి లేకుండా ఉత్త వేళ్ళతో అమ్ముతారు. బేర్ రూట్ మొక్కలంటారు వీటిని. మోకాలెత్తు పుల్లలు, చవక, తేలిగ్గా నాటుకుంటాయి. నవంబరు నుంచి మార్చి దాకా, ఆకు రాల్చి మొక్క నిద్రపోయే కాలంలోనే నాటాలి. నేల గడ్డకట్టి ఉన్నా, నీళ్ళు నిలిచి ఉన్నా ఆగాలి. వేళ్ళని గాలికి వదలకూడదు, చలిగాలికి కాసేపట్లోనే ఎండిపోతాయి. నాటే క్షణం దాకా సంచిలో తడిగా ఉంచి, పారతో నేలలో చీలిక చేసి, ఇంతకుముందు కాండం మీద మట్టి ఉన్న గుర్తు దాకా దించి, మడమతో గట్టిగా అదమాలి.

నిండుగా ఆకులున్న మొక్కని నడివేసవిలో పీకి నాటితే బతకడం కష్టం. మనం చేసే పొరపాటు అదే. గొడవ రాజుకున్నాక, గొంతులు లేచాక హద్దులు ప్రకటిస్తాం. "ఇక మీరు మా ఇంటి విషయాల్లో కల్పించుకోవద్దు" అని పెళ్ళి పందిట్లో అరిస్తే అది హద్దుగా నిలవదు, గాయంగా మిగులుతుంది. అదే మాట ప్రశాంతంగా ఉన్న రోజున, మంచి కాఫీ ఇచ్చి, నెమ్మదిగా చెప్పవచ్చు. భార్యాభర్తలు డబ్బు గురించి మాట్లాడుకోవాల్సింది జీతం అయిపోయిన రాత్రి కాదు, జీతం వచ్చిన వారంలో. కొత్త ఉద్యోగంలో పని గంటల గురించి స్పష్టత తెచ్చుకోవాల్సింది చేరిన తొలివారంలో. వాతావరణం చల్లగా ఉన్నప్పుడే నాటండి.

4. గులాబీని ఒంటరిగా వదలకండి

అడవి గులాబీ అందంగా ఉంది కదా అని కంచె మొత్తం అదే నాటితే కంచె నిలబడదు. దానికి గట్టి మాను ఉండదు, ఆసరా కావాలి. అందుకే సగానికి పైగా హాథార్న్ నాటుతారు. బ్లాక్‌థార్న్, హేజెల్, ఫీల్డ్ మేపుల్, హోలీ, డాగ్‌వుడ్ వంటివి తలా కాస్త కలుపుతారు. మీటరుకి అయిదు మొక్కల చొప్పున, దాదాపు 40 సెంటీమీటర్ల ఎడంతో రెండు వరసలుగా, ఎదురెదురుగా రాకుండా అడ్డదిడ్డంగా నాటుతారు. పది మీటర్ల కంచెకి 50 మొక్కలనుకుంటే, గులాబీలు మూడు నాలుగు చాలు. హాథార్న్ భుజం ఇస్తుంది, గులాబీ దాని నెత్తిన పూస్తుంది. ఒకటి మేలో పూస్తే ఇంకోటి జూన్‌లో. ఒకదాని పండు అయిపోయేసరికి ఇంకోదాని పండు సిద్ధం. పిట్టకి పస్తు ఉండదు.

"నేను ఎవరి మీదా ఆధారపడను" అనేవాళ్ళని మన సమాజం బాగా మెచ్చుకుంటుంది. ఆ మెప్పు కోసం లోలోపల కుంగిపోయినవాళ్ళు ఎందరో. ఆసరా తీసుకోవడం బలహీనత కాదు. మీకు లేని గుణం ఉన్నవాళ్ళని పక్కన ఉంచుకోండి. లెక్కల్లో గట్టివాళ్ళు ఒకరు, నిక్కచ్చిగా మాట్లాడేవారు ఒకరు, నవ్వించేవారు ఒకరు, మౌనంగా పక్కన కూర్చోగలిగేవారు ఒకరు. మీ హద్దుని మీరొక్కరే కాపాడుకోలేనప్పుడు మీవాళ్ళు మీకు భుజం ఇస్తారు. "అన్నయ్యా, ఈ విషయం నేను చెప్పలేకపోతున్నా, నువ్వొకసారి పక్కనుండు" అని అడగడంలో తప్పే లేదు.

5. నాటిన వెంటనే కత్తిరించండి

కొత్తవాళ్ళకి మనసొప్పని పని ఇది. నాటిన హాథార్న్, బ్లాక్‌థార్న్ మొక్కల్ని సగానికి సగం కత్తిరించేయాలి. అలా చేస్తేనే మొదట్లోంచి కొత్త కొమ్మలు గుబురుగా వస్తాయి. ఎత్తు కోసం ఆశపడి వదిలేస్తే పైన ఆకులు, కింద ఖాళీ. మేకపిల్ల దూరేది కంచె పైనుంచి కాదు, కింది సందులోంచి.

మన హద్దులు కూడా పెద్ద విషయాల్లో కాదు, చిన్న విషయాల్లో తెగిపోతాయి. ఉద్యోగం మానేస్తానని బెదిరించగలిగినవారు కూడా భోజనం మధ్యలో వచ్చిన ఫోన్‌ని ఎత్తకుండా ఉండలేరు. అందుకని కింద నుంచి మొదలుపెట్టండి. భోజనాల దగ్గర ఫోన్ ఉండదు. రాత్రి పదిన్నర దాటాక ఆఫీసు మెసేజ్ చూడను. అడిగిన వెంటనే "సరే" అనకుండా "రేపు చెబుతా" అంటాను. ఇలాంటి మూడు చిన్న నియమాలు గట్టిపడితే, పెద్ద హద్దు నిలబడటానికి మొదలు దొరికినట్టే.

6. మొదటి మూడేళ్ళు కలుపు తీయండి

నాటడం ఒక్కరోజు పని. కంచెని నిలబెట్టేది ఆ తర్వాతి రెండు మూడేళ్ళు. గడ్డి, మొక్క నోటికాడ నీటిని లాగేసుకుంటుంది. కాబట్టి మొదళ్ళ చుట్టూ గడ్డి లేకుండా చూడాలి. చెక్క పొట్టు, ఆకు ఎరువు పరచాలి, కాండానికి తగలకుండా. కుందేళ్ళు కొరకకుండా తొడుగులు వేయాలి, మొక్క గట్టిపడ్డాక మర్చిపోకుండా తీసేయాలి. ఎండలు ముదిరితే నీళ్ళు పోయాలి. ఎరువులు గుప్పించాల్సిన పని లేదు. చచ్చిన మొక్క ఉంటే వచ్చే చలికాలంలో ఆ ఖాళీలో ఇంకోటి పెట్టాలి.

మీరు కొత్తగా ఒక నియమం పెట్టుకున్నారని తెలియగానే చుట్టూ ఉన్నవారు దాన్ని పరీక్షిస్తారు. "ఏంటి, మారిపోయావ్" అంటారు. "ఈ ఒక్కసారికీ" అంటారు. వాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కారు, పాత అలవాటుకొద్దీ అడుగుతారు. విసుక్కోకుండా, సంజాయిషీలు ఇవ్వకుండా అదే మాట అదే గొంతుతో మళ్ళీ చెప్పండి. ఒకచోట జారిపోతే మొత్తం వదిలేయకండి. ఆ ఖాళీలో మళ్ళీ నాటండి. అడవి గులాబీ గింజ మొలకెత్తడానికే రెండు చలికాలాలు పట్టే సందర్భాలున్నాయి. మీ కొత్త అలవాటుకి కాస్త వ్యవధి ఇవ్వలేరా?

7. ఏటా కత్తెర పట్టకండి

కంచె పెరిగాక ఇంకో పొరపాటు మొదలవుతుంది. నున్నగా, పెట్టెలా కనిపించాలని ఏటా యంత్రంతో చెక్కేస్తారు. కానీ డాగ్ రోజ్ పూసేది కిందటేడు వచ్చిన కొమ్మల మీదే. ఏటా కొమ్మ కొట్టేస్తే పువ్వు లేదు. పువ్వు లేకపోతే పండు లేదు, పండు లేకపోతే పిట్ట రాదు. అందుకే తెలిసినవాళ్ళు కంచెని మూడు భాగాలు చేసి ఏడాదికో భాగం చొప్పున, పక్షులు పండ్లు తినేశాక జనవరి, ఫిబ్రవరిల్లో కత్తిరిస్తారు. ఇంగ్లండ్‌లో 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వ్యవసాయ భూముల్లో మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు, అంటే పక్షులు గూళ్ళు పెట్టే కాలంలో కంచె కత్తిరించకూడదు. పెద్ద పొలాల్లో కంచె నడిమి నుంచి 2 మీటర్ల దాకా దున్నకూడదు, పురుగుమందు చల్లకూడదు. ఇంటి పెరట్లో అయినా సరే, గూడుందేమో చూడకుండా కత్తెర పెట్టరాదు. పక్షులు వాడుకుంటున్న గూళ్ళకి 1981 నాటి వన్యప్రాణుల చట్టం రక్షణ ఇచ్చింది.

క్రమశిక్షణ నేర్చుకున్నవాళ్ళు పడే గుంట ఇదే. హద్దులు అలవాటయ్యాక ప్రతిదానికీ కత్తెర పడుతుంది. చుట్టం చెప్పకుండా వస్తే చిరాకు. పిల్లాడు పడుకునే వేళ దాటి కథ అడిగితే కసురు. నియమం మన కోసం ఉంది, నియమం కోసం మనం లేము. ఎదుటివారి ఇంట గూళ్ళు పెట్టే కాలం ఒకటి ఉంటుంది. పురుడు, పరీక్షలు, జబ్బు, చావు. అప్పుడు మీ కత్తెర దాచేయండి. అర్ధరాత్రి అయినా ఫోన్ ఎత్తండి. రోజుని పూర్తిగా నింపేయకుండా అంచున కాస్త ఖాళీ ఉంచుకుంటేనే ఇలాంటి వేళల్లో ఇవ్వడానికి మీ దగ్గర ఏదైనా మిగులుతుంది.

8. పండిన పండు పంచండి

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల వల్ల బ్రిటన్‌కి నారింజ పండ్లు రావడం దాదాపు ఆగిపోయింది. పసిపిల్లలకి సి విటమిన్ ఎలా అన్నది పెద్ద సమస్య. అడవి గులాబీ కాయలో బరువుకి బరువు నారింజ కంటే ఎన్నో రెట్లు సి విటమిన్ ఉంటుంది. 1941లో ప్రభుత్వం ఆ కాయలు సేకరించమని పిలుపిచ్చింది. బడిపిల్లలు, స్కౌట్లు, పల్లెటూరి మహిళా సంఘాలవాళ్ళు బుట్టలు పట్టుకుని కంచెల వెంట బయల్దేరారు. వందల టన్నుల కాయలు పోగయ్యాయి. వాటితో తయారైన సిరప్ చెంచాల కొద్దీ పసివాళ్ళ నోళ్ళలోకి చేరింది. గింజల చుట్టూ ఉండే సన్నని నూగు గొంతులో గుచ్చుకుంటుంది కాబట్టి దాన్ని జాగ్రత్తగా వడకట్టి మరీ ఇచ్చారు.

మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని ముళ్ళపొద, కష్టకాలంలో పసిపిల్లల ఆరోగ్యాన్ని నిలబెట్టింది. హద్దు పెట్టుకోవడానికి అసలు కారణం ఇదే. పచ్చిగా ఉండగానే అందరూ తుంచుకుపోతే పండేదేముంది? మీ సమయాన్నీ శక్తినీ కాపాడుకుంటే అవి పండుతాయి. పండాక పంచండి. ఇచ్చేటప్పుడు కూడా నూగు తీసి ఇవ్వండి. సాయం చేసి దెప్పిపొడిస్తే తీసుకున్నవారి గొంతులో అదే గుచ్చుకుంటుంది.

హద్దు పేరుతో అన్యాయం వద్దు

ఇంగ్లండ్ కంచెల చరిత్రలో ఒక చేదు అధ్యాయం ఉంది. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాల సాయంతో ఉమ్మడి భూములకి కంచెలు కట్టారు. ఊరందరి పశువులూ మేసిన బీళ్ళు కొందరి సొత్తయ్యాయి. అంతవరకు అక్కడ ఆవుని మేపుకుని, పుల్లలేరుకుని బతికిన పేదలు వీధిన పడ్డారు. హెల్ప్‌స్టన్ అనే ఊళ్ళో పుట్టిన కూలీవాడి కొడుకు, కవి జాన్ క్లేర్, తన ఊరికి 1809లో ఆ చట్టం వచ్చాక జరిగినదాన్ని చూసి జీవితమంతా దుఃఖపడ్డాడు, దాని మీద కవిత్వం రాశాడు.

కాబట్టి హద్దు గీసే ముందు మనకి మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ గీత నాది కాపాడుతోందా, ఇంకొకరిది లాక్కుంటోందా? "నా మనశ్శాంతి" అంటూ ముసలి తల్లిదండ్రుల బాధ్యత తమ్ముడి నెత్తిన వేసేయడం హద్దు కాదు. "నా సమయం" అంటూ ఇంటిపని అంతా భార్యకి వదిలేయడం హద్దు కాదు. అది ఆక్రమణ. నిజమైన హద్దు వల్ల ఎదుటివారి వాటా తగ్గదు.

కాలిపోయినా వేరు ఉంది

ఈపాటికి కొందరికి అనిపించవచ్చు, ఇదంతా చిన్నవయసు నుంచి చేసుంటే బాగుండేది, ఇప్పుడేం లాభమని. వాళ్ళకి రెండు సంగతులు.

ఇంగ్లండ్‌లో ముసలిదై, మొదట్లో ఖాళీలు పడ్డ కంచెని పీకేయరు. చలికాలంలో ఒక్కో మానుని మొదట్లో దాదాపు పూర్తిగా నరికి, ఒక పక్క సన్నని పచ్చి పొరని మాత్రం తెగకుండా ఉంచి, ఏటవాలుగా పడుకోబెడతారు. ఆ సన్నని పొరలోంచే జీవం పారుతుంది. వసంతం రాగానే మొదట్లోంచి కొత్త కొమ్మలు నిటారుగా లేస్తాయి. ఈ పని తెలిసినవాళ్ళ సంఘం అక్కడ 1978 నుంచి నడుస్తోంది. నడివయసులో మారాలనుకునేవారు ఇలాగే చేయాలి. అన్నీ తెంచుకోనక్కర్లేదు. ఒక పట్టు ఉంచుకుని వంగండి, మళ్ళీ చిగురిస్తారు.

రెండోది జర్మనీలోని హిల్డెస్‌హైమ్ పట్టణంలో జరిగింది. అక్కడి పెద్ద చర్చి గోడకి పాకిన డాగ్ రోజ్ ఒకటి ఉంది. వెయ్యేళ్ళ గులాబీ అని పిలుచుకుంటారు దాన్ని. 1945 మార్చి 22న బాంబుల వర్షం కురిసి ఊరు తగలబడింది, చర్చి కూలింది, గులాబీ కాలిపోయింది. శిథిలాల కింద వేరు మాత్రం మిగిలింది. ఆ వేరు నుంచే 25 కొత్త చిగుళ్ళు వచ్చాయి. ఇవాళ కూడా అది అదే గోడ మీద పూస్తోంది. మోసపోయి, నలిగిపోయి, ఇక నాలో ఏమీ లేదనుకునేవారికి ఇంతకంటే పెద్ద ధైర్యవచనం అవసరం లేదు.

ఈ వారం నుంచే మొదలుపెట్టండి

ముందుగా, ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే ఒకే మాటలో ఒక ముల్లు, ఒక పువ్వు ఉండేలా చెప్పడం నేర్చుకోండి. "బాబాయ్, హామీ సంతకాలు పెట్టకూడదని మేమిద్దరం నిర్ణయించుకున్నాం. పిల్లాడి ఫీజుకి మాత్రం పదివేలు సర్దగలను." "సర్, ఆదివారం ఫోన్ ఎత్తలేను. సోమవారం తొమ్మిదింటికి రాగానే మొదట మీ పనే చూస్తాను." "వదినా, ఈ చిట్టీలో చేరలేను. నీకు మనుషులు కావాలంటే మా ఆఫీసులో అడిగి చెబుతా." కాదన్నది స్పష్టంగా ఉండాలి. ఇవ్వగలిగింది నిజంగా ఇవ్వగలిగేదై ఉండాలి.

తర్వాత, రోజుకి ఒక గంట ఎవరికీ ఇవ్వకుండా మీ కోసం కంచె వేసుకోండి. వారానికి ఒక గంట ఏ ప్రతిఫలమూ ఆశించకుండా వేరొకరి కోసం కేటాయించండి. మొదటిది లేకుండా రెండోది నిలవదు. రెండోది లేకపోతే మొదటిదానికి అర్థం ఉండదు.

చివరిగా, వీలున్నవారు నిజంగానే నాటండి. బ్రిటన్లో ఉన్నవారు ఈ నవంబరులో పెరటి చెక్క పలకల దడి పక్కనే నాలుగు హాథార్న్ మొక్కలు, ఒక డాగ్ రోజ్ పెట్టండి. ఆ దేశంలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద పొలాల కోసం పాత కంచెల్లో దాదాపు సగం పీకేశారు. ఇంగ్లండ్‌లో 2050 నాటికి 45,000 మైళ్ళ కంచెని మళ్ళీ నిలబెట్టాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. అందులో మీ పిడికెడు వాటా ఉండనివ్వండి. మన ఊళ్ళలో డాగ్ రోజ్ ఎండలకి ఆగదు, తెచ్చుకోవద్దు. మనకి వాక్కాయ ఉంది. ముళ్ళతో చేనుని కాస్తుంది, తెల్లగా పూస్తుంది, పప్పులోకీ పచ్చడిలోకీ పుల్లని కాయనిస్తుంది. తొలకరి పడగానే గట్టు మీద ఇనుప తీగకి బదులు ఒక వరస వాక్కాయ నాటండి. పిల్లల చేత నాటించండి, నీళ్ళు పోయించండి.

హద్దు లేని మంచితనం అలసిపోతుంది. మంచితనం లేని హద్దు మనిషిని ఒంటరిని చేస్తుంది. రెండూ కలిసి పెరిగినదే వ్యక్తిత్వం. అది ఒక్కరోజులో రాదు. మీరు నాటి, కలుపు తీసి, కాపాడితే తప్పకుండా వస్తుంది.